చెరువు నీళ్లలో సీసం, కాడ్మియం: చేతి స్ట్రిప్పింగ్ మీటరు ఎంతవరకు పనికొస్తుంది

నీళ్లలోని లోహాన్ని కరెంటుతో చిన్న స్ట్రిప్పు మీద పట్టించి, మళ్లీ కరిగిస్తూ ఎంతుందో కొలిచేదే స్ట్రిప్పింగ్ మీటరు. అల్లూరు, విడవలూరు, కొత్తపట్నం వైపు బోర్లకూ రొయ్యల చెరువులకూ ఈ మీటరునూ కార్బన్ స్ట్రిప్పులనూ చాలాకాలంగా వాడుతున్నాం. తాగే బోరు నీళ్లకు నిక్షేపంగా వాడొచ్చు. చెరువు నీళ్లకు జాగ్రత్త కావాలి. రొయ్య కండ విషయంలో అనుమానం ఉన్న సరుకును ముందే పట్టుకోవడానికే తప్ప ఎగుమతి కాగితాలకు పనికిరాదు.

9 మి.లీ. నీళ్లలో 1 మోలార్ అసిటేట్ బఫర్ (పీహెచ్‌ను 4.5 దగ్గర నిలిపే ద్రావణం) 1 మి.లీ., 100 పీపీఎం బిస్మత్ ద్రావణం 40 మైక్రోలీటర్లు వేయాలి. -1.2 వోల్టుల దగ్గర 120 సెకన్లు కలియబెడుతూ బిస్మత్ పూతతో పాటు లోహాన్ని స్ట్రిప్పు మీద పట్టించి, 15 సెకన్లు కదపకుండా ఉంచి స్కాన్ చేయాలి. స్కాన్‌లో వోల్టేజీ మారుతుంటే లోహం కరిగి, తెర మీది గీతలో శిఖరంలా పీక్ లేస్తుంది. కాడ్మియం పీక్ -0.8 దరిదాపుల్లో, సీసం -0.55 దరిదాపుల్లో వస్తాయి.

తెర మీద వచ్చే అంకెను మాత్రం అలాగే రాసుకోకండి. ఫ్యాక్టరీ క్యాలిబ్రేషన్ శుభ్రమైన ద్రావణంలో చేసింది. అదే బీకరులో 1 పీపీఎం సీసం 100 మైక్రోలీటర్లు కలిపితే లీటరుకు 10 మైక్రోగ్రాములు పెరుగుతుంది. తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500లో సీసం హద్దు కూడా అంతే. ఇలా రెండుసార్లు కలిపి, పీక్ పెరిగిన తీరును బట్టి అసలు నీళ్లలో ఎంతుందో లెక్క కట్టాలి. ఉప్పునీళ్లలో ఇది తప్పనిసరి. స్ట్రిప్పు మీద వోల్టేజీకి ఆధారంగా ఉండే వెండి ఎలక్ట్రోడ్ (రిఫరెన్స్) నీళ్లలోని క్లోరైడ్‌ను బట్టి మారుతుంది, దాంతో పీకులన్నీ పక్కకు జరుగుతాయి. సీసం కలిపినప్పుడు ఏది పెరిగిందో అదే సీసం పీక్.

ఎక్కువగా దెబ్బతీసేది ఆమ్లం. సీసం సీసా గోడలకు అంటుకోకుండా నైట్రిక్ ఆమ్లం వేసి నిల్వ చేస్తాం కదా, ఆ నీళ్లను నేరుగా బఫర్‌లో పోస్తే పీహెచ్ 4 కిందికి జారుతుంది. హైడ్రోజన్ బుడగలు లేచి బిస్మత్ పూత ఊడిపోతుంది. ముందు సోడియం హైడ్రాక్సైడ్‌తో సరిచేసుకుని పీహెచ్ చూసుకోవాలి.

నాచుకు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చల్లిన చెరువులో రాగి ఎక్కువై సీసం పీక్ కుంగిపోతుంది. కొద్దిగా పొటాషియం ఫెర్రోసయనైడ్ వేస్తే రాగి అడ్డు తగ్గుతుంది. మేత, నాచు జిగురు స్ట్రిప్పును కప్పేస్తే కలిపిన సీసం కూడా పూర్తిగా కనబడదు. అలాంటి నీళ్లను నైట్రిక్‌తో మరిగించాకే కొలవాలి.

రొయ్య కండలో కాడ్మియానికి యూరప్ హద్దు కిలోకు 0.5 మి.గ్రా. 1 గ్రాము కండను ఆమ్లంలో పూర్తిగా కరిగించి 25 మి.లీ.కి తెస్తే హద్దు దగ్గర లీటరుకు 20 మైక్రోగ్రాములే. దాన్ని బఫర్‌లో పదింతలు పలుచన చేస్తే మిగిలేది 2. అప్పుడు 300 సెకన్లు పట్టించాలి, ఆమ్లం ఒక్కటే పెట్టిన ఖాళీ పరీక్ష కూడా పక్కనే ఉండాలి. మామూలు గ్రేడు నైట్రిక్‌లో ఉండే సీసమే లెక్క తప్పిస్తుంది.

సముద్రగాలికి స్ట్రిప్పు దూర్చే కనెక్టర్ పచ్చబడుతుంది, తెర మీది గీత వణుకుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి.

కనిగిరి వైపు వాళ్లు ఫ్లోరైడ్ కోసం దీన్ని కొనొద్దు. అది లోహం కాదు, దానికి ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ వేరే ఉంది. ఆర్సెనిక్, పాదరసం కావాలంటే బంగారు స్ట్రిప్పులు తీసుకోవాలి.