బెంగళూరులో మన సీమవాసి అచ్చు చిత్రాలు

అనంతపురం నుంచి చదువులకూ, వైద్యానికీ బెంగళూరు వెళ్లేవారికి లెక్కలేదు కానీ, అక్కడి కుమారకృప రోడ్డులోని కర్ణాటక చిత్రకళా పరిషత్తులో కృష్ణారెడ్డి అచ్చు చిత్రాలు (చెక్కిన లోహపు రేకుకు సిరా పూసి, కాగితం మీద ఒత్తి తీసేవి) చూడవచ్చని చెప్పినప్పుడు మా బంధువుల్లో ఒక్కరు కూడా ఆ పేరు విన్నట్టు కనిపించలేదు. 1925లో చిత్తూరు జిల్లాలో పుట్టి, మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలోనూ, తరువాత శాంతినికేతన్‌లో చిత్రకారుడు నందలాల్ బోస్ దగ్గరా చదువుకుని, ప్యారిస్‌లో పేరు తెచ్చుకున్న ఆయనకు 1972లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ఆయన పనితనం తెలుసుకుని వెళితే చూపు మారిపోతుంది. సాధారణంగా రంగుల అచ్చుకు ఒక్కో రంగుకు ఒక్కో రేకు కావాలి. కృష్ణారెడ్డి, ఆయన సహచరులు ఒకే లోహపు రేకును వేర్వేరు లోతుల్లో చెక్కి, అవిసె నూనె హెచ్చుతగ్గులతో సిరాల చిక్కదనం మార్చి, మెత్తని రోలరు లోతుల్లోకీ, గట్టి రోలరు పైభాగాల మీదికీ రంగు చేర్చేటట్టు చేశారు. చిక్కదనం తేడా వల్ల ఒక సిరా మరొక సిరాను తనతో కలవనివ్వదు కనుక, అన్ని రంగులూ ఒక్క అచ్చుతోనే కాగితం మీదికి వస్తాయి. ఆయన శిల్పం కూడా నేర్చినవారు కావడం వల్లనే రేకును చిత్రంగా కాక శిల్పంగా చూశారని నాకు గట్టిగా అనిపించింది.

అచ్చులోని ఈ ఎత్తుపల్లాలు ఫోటోలో కనిపించవు. పదో తరగతి చదువుతున్న మా అక్క కూతురు చేతులు వెనక్కి కట్టుకుని, ఒక అచ్చు ముందు వంగి చాలాసేపు చూసి, "పిన్నీ, ఈ గీత కాగితం మీద ఉబ్బి ఉంది, దాని నీడ కూడా పడుతోంది" అంది. నేను పక్కకు జరిగి చూశాను. నిజమే. పైగా, నీలం పక్కనే నారింజ రంగు ఉన్నా, రెండింటి నడుమ ఎక్కడా మరక లేదు.

పరిషత్తు సేకరణలో తోలుబొమ్మలు కూడా ఉన్నాయి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఊరి తోలుబొమ్మలు చూస్తూ పెరిగిన మనవారు వాటి దగ్గర తప్పక ఆగుతారు. తీరిగ్గా చూడాలంటే కనీసం రెండు గంటలు పెట్టుకోండి. జనవరిలో చిత్రసంతె (రోడ్డు మీదే సాగే చిత్రాల సంత) జరిగే ఆదివారం ఆ రోడ్డంతా జనంతో నిండిపోతుంది కనుక, అచ్చుల ముందు నిలబడాలనుకునేవారు వేరే రోజు వెళ్లడం మంచిది.