వేసవిలో రోమ్: పొద్దున నడవాలా, సాయంత్రం నడవాలా?

మొన్న జూన్ చివర్లో అమ్మానాన్నలతో రోమ్ వెళ్లొచ్చినప్పటి నుంచి చుట్టాలూ స్నేహితులూ ఒకటే అడుగుతున్నారు. పెద్దవాళ్లను ఆ ఎండలో ఎలా తిప్పావు, పొద్దున్నే బయల్దేరితే మంచిదా, ఎండ తగ్గాక వెళ్లాలా అని. మేం రెండూ చేసి చూశాం. నా ఓటు పొద్దుటికే.

"మన ఎండల ముందు అదొక ఎండా" అనేవాళ్లు చాలామంది. విజయవాడ మే నెలతో పోలిస్తే అక్కడి వేడి తక్కువే, కాదనను. కానీ విజయవాడలో మే నెల మధ్యాహ్నం మనం పదిహేను వేల అడుగులు నడవం. రోమ్‌లో పాత ఊరంతా నడిచే చూడాలి.

అసలు పొరపాటు జరిగేది సాయంత్రం అనే మాట దగ్గర. ఐదింటికి ఎండ వాలుతుందని మన లెక్క. వేసవిలో అక్కడ గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు కాబట్టి సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఒంటిగంట దాటాకే. సూర్యాస్తమయం జూన్ చివర్లో దాదాపు 8:50కి. అంటే రోమ్‌లో ఐదు గంటల ఎండ మనకు నాలుగింటి ఎండ లాంటిది, పైగా పొద్దు గుంకడానికి ఇంకా నాలుగు గంటల టైముంటుంది. మొదటి రోజు నాన్న మాట విని ఐదింటికే బయల్దేరాం. వీధుల్లో పరిచిన నల్లరాళ్లు, వాటిని సాంపియెత్రీని అంటారు, పగలంతా పీల్చుకున్న వేడిని అప్పుడు బయటికి వదులుతుంటాయి. గోడలూ అంతే. నీడలో నడిచినా కింద నుంచి సెగ. ఊళ్లో పేరున్న స్పానిష్ మెట్ల దగ్గర అమ్మ కాసేపు కూర్చోబోతే కూర్చోనివ్వలేదు. 2019 నుంచి ఆ మెట్ల మీద కూర్చోవడం నిషేధం.

మర్నాడు ఐదున్నరకే లేచాం. లేచాం అనడం కన్నా, అమ్మానాన్నలు అప్పటికే లేచి కూర్చున్నారు అనాలి. వేసవిలో ఇండియాకూ ఇటలీకీ తేడా మూడున్నర గంటలు. అక్కడ ఐదున్నర అంటే మన ఒళ్లు తొమ్మిది అనుకుంటుంది. అదే రాత్రి తొమ్మిదింటికి, ఊరు చల్లబడి అందంగా ఉండే సమయానికి, మన ఒంటికి అర్ధరాత్రి దాటిపోతుంది. ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్లకు మొదటి మూడు నాలుగు రోజులు ఇదే అన్నిటికన్నా ముఖ్యం. పెద్దవాళ్లుంటే మరీను.

ఆరింటికి ఆ స్పానిష్ మెట్ల దగ్గర మొదలుపెట్టి ట్రెవీ ఫౌంటెన్, పాంథియన్ అనే పాత రోమన్ గుడి, పియాజ్జా నవోనా అనే పెద్ద కూడలి, అక్కడి నుంచి టైబర్ నది దాటి సెయింట్ పీటర్స్ చర్చి. మొత్తం మూడు కిలోమీటర్ల పైచిలుకు. సన్నటి సందులు, రెండు వైపులా ఐదారు అంతస్తుల ఇళ్లు, కాబట్టి ఆ వేళకు దారంతా నీడే. నడిచేది పడమరకు, ఎండ తగిలినా వీపు మీదే. చర్చి ముఖం మన గుళ్లలాగే తూర్పుకు ఉంటుంది. మేం చేరేసరికి ఆ గోడంతా లేత ఎండలో ఉంది. ఏడింటికే తెరుస్తారు, భుజాలూ మోకాళ్లూ కప్పుకుని ఉండాలి.

నవోనాలో శిల్పి బెర్నీని చేసిన నాలుగు నదుల ఫౌంటెన్ ఉంది, 1651 నాటిది. అందులో ఒకటి మన గంగ. తెడ్డు పట్టుకున్న గడ్డం మనిషి. "గంగమ్మ తల్లి కదరా, మగమనిషిని పెట్టారేంటి?" అని అమ్మ చుట్టూ మూడుసార్లు తిరిగి చూసింది. ముందురోజు సాయంత్రం అదే చోట జనం మధ్య ఆ బొమ్మ దగ్గరికే వెళ్లలేకపోయాం.

పొద్దుటికి లోపం లేదనను. పాంథియన్ తొమ్మిదింటికి గానీ తెరవరు, గోపురం నడిమి కన్నంలోంచి పడే వెలుగు చూడాలంటే మళ్లీ రావాలి. సాయంత్రానికే ఉన్న అందమూ ఒకటుంది. పించో కొండ మీది నుంచి పొద్దు వాలే వేళ సెయింట్ పీటర్స్ గోపురాన్ని చూడాలి, ఆ తర్వాత దీపాల వెలుగులో ట్రెవీ నీళ్లు చూడాలి. యూరప్‌లోనే ఉంటూ కుర్రాళ్లు నలుగురు కలిసి వెళ్తుంటే రాత్రి నడకే పెట్టుకోండి, కాకపోతే ఎనిమిది దాటాక బయల్దేరండి.

టూరిస్టు బస్సు సంగతీ అడుగుతున్నారు. ఆ సందుల్లోకి బస్సు రాదు, కాబట్టి పెద్దగా ఉపయోగం లేదు. కొలోసియం, దాని పక్కనే పాత రోమ్ శిథిలాలుండే ఫోరమ్‌లకు మాత్రం ఇంకో రోజు పొద్దున తెరవగానే వెళ్లేలా టికెట్ తీసుకోండి. ఫోరమ్‌లో చెట్టు నీడ దాదాపు లేదు.

నీళ్ల సీసా కొనక్కర్లేదు, ఖాళీది ఒకటి ఉంచుకుంటే చాలు. వీధి వీధికీ నజోనీ అనే ఇనప కుళాయిలు రోజంతా పారుతూనే ఉంటాయి, మంచి తాగేనీళ్లు. కింద మూతిని వేలితో మూస్తే పైనున్న చిన్న కన్నంలోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి, వంగక్కర్లేదు. నాన్నకు నడుం నొప్పి. ఆ కిటుకు తెలిశాక కనబడిన ప్రతి కుళాయి దగ్గరా ఆగి తాగారు.