భూటాన్ బాగుంది, మేం కొన్న ప్యాకేజీయే బాగాలేదు

భూటాన్ వెళ్ళాలనుకునే హైదరాబాద్ వాళ్ళకి నేను చెప్పేది ఒకటే, ఇక్కడ ప్యాకేజీ కొనకండి. ఆ దేశంలో మమ్మల్ని ఎవరూ మోసం చెయ్యలేదు. టాక్సీ డ్రైవరు, హోటల్ వాళ్ళు, గుర్రాలవాళ్ళు, అందరూ ముందు చెప్పిన డబ్బే తీసుకున్నారు. మోసమంతా సరిహద్దుకి ఇవతలే జరిగింది. అదీ అమీర్‌పేటలో ఏసీ గదిలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి మరీ.

విమానం టికెట్లు కాకుండా మనిషికి 36,500, పాపకి 22,000. "అన్నీ ఇందులోనే మేడమ్, మీరు జేబులో చెయ్యి పెట్టక్కర్లేదు" అన్నాడు ఏజెంటు. మా ఆయన ఆఫీసులో ఎవరో చెప్పిన ఏజెన్సీ, అందుకని గట్టిగా అడగడానికి ఆయనకి మొహమాటం. ఎస్‌డీఎఫ్ కూడా ఇందులోనేనా అని నేనే అడిగాను. "అన్నీ అంటే అన్నీ" అన్నాడు నవ్వుతూ.

ఎస్‌డీఎఫ్ అంటే భూటాన్ ప్రభుత్వం టూరిస్టుల దగ్గర రాత్రికి ఇంత అని తీసుకునే రుసుము. కరోనా తర్వాత 2022 సెప్టెంబరులో సరిహద్దు తెరిచినప్పటి నుంచీ ఇండియా వాళ్ళలో పెద్దవాళ్ళకి రాత్రికి 1,200 రూపాయలు, 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి 600, ఆరేళ్ళలోపు వాళ్ళకి ఏమీ లేదు. మిగతా చాలా దేశాల వాళ్ళు రాత్రికి 100 డాలర్లు కడుతున్నారు కాబట్టి మనది బాగా తక్కువే. ఆ శుభ్రం, ఆ అడవులు చూశాక ఇచ్చినందుకు నాకేం బాధ లేదు. కాకపోతే సరిహద్దు ఊరు జైగావ్‌లో దిగాక రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి "ఎస్‌డీఎఫ్ మీరే కట్టుకోవాలి మేడమ్, ఇన్వాయిస్‌లో రాశాం" అన్నాడే, అక్కడ మండింది. తీసి చూస్తే రెండో పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది. ముగ్గురు పెద్దవాళ్ళం, ఒక పాప, కలిపి రాత్రికి 4,200.

ఇక ఆ రాత్రి జైగావ్‌లో మాకిచ్చిన లాడ్జి సంగతి. జైగావ్ పశ్చిమ బెంగాల్‌లో సరిహద్దుకి ఆనుకుని ఉన్న ఊరు, బాగ్‌డోగ్రా ఎయిర్‌పోర్టు నుంచి కారులో నాలుగు గంటలు పైనే పట్టింది. ఏజెంటు చెప్పిన మాట "భూటాన్ గేటు పక్కనే త్రీ స్టార్". గేటు పక్కనే, అంతవరకు నిజం. గది మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు. గీజర్ గోడకి ఉంది, వైరు మాత్రం గాల్లో వేలాడుతోంది. వేడినీళ్ళు కావాలంటే బకెట్టుకి 50. దుప్పటి మీద ఎవరిదో తలనూనె మరక ఉంటే మార్చమన్నాను. కుర్రాడు వచ్చి, నా కళ్ళముందే అదే దుప్పటిని తిరగేసి పరిచి, చేత్తో సాఫు చేసి వెళ్ళాడు. కింద రిసెప్షన్‌లో రేట్ల బోర్డు ఉంది, డబుల్ రూమ్ 1,100. అది చూశాక మా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. మామయ్య గారు మాత్రం కుర్చీలో కూర్చుని, లారీ హారన్ మోగినప్పుడల్లా "మిర్చి యార్డు పక్క లాడ్జిలు ఇంతకన్నా నయం కదమ్మా" అంటూనే ఉన్నారు. ఆయనది గుంటూరు. మా దగ్గర నిజాంపేటలో ఉండబట్టి ఏళ్ళు గడిచినా ఏది చూసినా యార్డుతోనే పోలుస్తారు.

తెల్లారి ఇమిగ్రేషన్ దగ్గర ఇంకో సంగతి బయటపడింది. ఏజెంటు "ఆధార్ చాలు" అన్నాడు. చాలదు. పెద్దవాళ్ళకి పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, పిల్లలకి పాస్‌పోర్టు లేకపోతే బర్త్ సర్టిఫికెట్. భూటాన్ టూరిజం వెబ్‌సైట్‌లో ముందే చూశాను కాబట్టి అందరి పాస్‌పోర్టులూ సంచిలో వేశాను. మామయ్య గారిది మా ఆడపడుచు దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు తీసుకున్నది. మా ముందు నిలబడిన వరంగల్ కుటుంబం ఆధార్ కార్డులు చేత్తో పట్టుకుని, ఓటరు కార్డు ఫొటో వాట్సాప్ చెయ్యమని ఊళ్ళో వాళ్ళకి ఫోన్లు చేస్తున్నారు. ఆ ఇంటావిడకి కళ్ళల్లో నీళ్ళే తక్కువ. వాళ్ళ ఏజెంటు వేరు, చెప్పిన మాట మాత్రం అదే.

గేటు దాటితే ఫుంట్‌షోలింగ్. అరగంట ముందుకి జరిగింది గడియారం, హారన్లు ఆగిపోయాయి. అక్కడి నుంచి థింఫూ ఘాట్ రోడ్డు మీద ఐదు గంటలు. మా పాపకి వాంతులు, మిగతాదంతా సాఫీగా సాగింది.

థింఫూ రాజధానే గానీ ట్రాఫిక్ సిగ్నల్ ఒక్కటీ లేదు. పెద్ద జంక్షన్‌లో చిన్న గూడులాంటి దాంట్లో పోలీసు నిలబడి చేతులు ఊపుతుంటాడు. మా ఆయన అలవాటు ప్రకారం జీబ్రా క్రాసింగ్ దగ్గర బళ్ళు వెళ్ళాక దాటదామని ఆగారు. బళ్ళు ఈయన దాటాక వెళదామని ఆగాయి. కాసేపు అలా ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. పంజాగుట్టలో పెరిగిన మనిషికి అంత మర్యాద అర్థం కావడానికి టైమ్ పడుతుంది. కొండ మీద బుద్ధ దోర్దెన్మా విగ్రహం చూసి అందరం నోరు తెరిచాం, కంచుతో చేసి బంగారు పూత పూసినది. లోపల చిన్న బుద్ధ విగ్రహాలే లక్షా పాతిక వేలు. మామయ్య గారు మాత్రం హుస్సేన్ సాగర్ బుద్ధుడు ఏకశిల అని, 1990లో నీళ్ళలో మునిగితే 1992లో పైకి తీసి నిలబెట్టారని డ్రైవరుకి హిందీలో అరగంట చెప్పారు. డ్రైవరు ఓపికగా విన్నాడు.

ప్యాకేజీలో రాత్రి భోజనం కలిపారు. ఆ మాట ఎవరైనా చెబితే వద్దనండి. రోజూ అదే బఫే, నీళ్ళ పప్పు, తియ్యటి పనీర్, మైదా రొట్టె. మామయ్య గారు ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయతో నాలుగు ముద్దలు తిని, మొహం ముడుచుకుని పడుకునేవారు. అలా రెండు పూటలు చూశాక మూడోనాడు బఫే వదిలేసి, డ్రైవరు తను రోజూ తినే చోటికి తీసుకెళ్ళమన్నాను. నాలుగు బల్లలు, మధ్యలో కట్టెల పొయ్యి. ఎమా దత్శీ అని తెచ్చాడు. మనం పోపులో వేసే పచ్చిమిరపకాయని వాళ్ళు బెండకాయలా కూర వండుకుంటారు. పొడవు మిరపకాయలు నిలువుగా చీల్చి, ఉల్లిపాయ, టమాటా, కాస్త నూనె, నీళ్ళు పోసి ఉడకనిచ్చి, చివర్లో చీజ్ వేసి మూత పెడతారు, అంతే. పక్కన ఎర్రబియ్యం అన్నం. ప్లేటు 180. మామయ్య గారు మొదటి ముద్దకే ఆగి, ప్లేటులోకి చూసి, "ఇది కాయ" అన్నారు. చెమట తుడుచుకుంటూ రెండోసారి పెట్టించుకున్నారు. తర్వాత ఏకంగా వంటింట్లోకి వెళ్ళి, వండే ఆవిడ దగ్గర కాయ తీసుకుని విరిచి, వాసన చూసి, తొడిమ చూసి, గింజలు అరచేతిలో వేసుకుని లెక్కపెట్టారు. ఆవిడకి తెలుగు రాదు, ఈయనకి జోంఖా రాదు. మిరపకాయ గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. కారం తినలేనివాళ్ళకి బంగాళాదుంపతో కేవా దత్శీ, పుట్టగొడుగులతో శాము దత్శీ ఉన్నాయి. మా పాప కేవా దత్శీ మీదే బతికింది.

థింఫూ నుంచి పునాఖా వెళ్ళే దారిలో దోచులా కనుమ, 3,100 మీటర్ల ఎత్తు. 2003లో తిరుగుబాటుదారుల మీద యుద్ధంలో పోయిన సైనికుల జ్ఞాపకార్థం అక్కడ 108 స్తూపాలు కట్టారు. ఆకాశం తేటగా ఉంటే గంగ్‌ఖర్ పుయెన్‌సుమ్ కనిపిస్తుందట, 7,570 మీటర్ల శిఖరం, ఇంతవరకు ఎవరూ ఎక్కలేదు, ఇప్పుడు ఎక్కనివ్వరు కూడా. మాకు మబ్బు కనిపించింది. పునాఖా కోట రెండు నదులు కలిసే చోట ఉంది, చాలా బాగుంది, ఫొటోలు మీరే చూసుకోండి.

పారోలో మాత్రం ఏజెంటు ఇచ్చిన హోటల్ వదిలేసి, డ్రైవరు చుట్టాల పల్లెటూరి ఇంట్లో దిగాం. గదికి 2,500, టిఫిన్‌తో కలిపి. మేం వెళ్ళింది దసరా సెలవుల్లో. ఊళ్ళో ఏ ఇంటి రేకు కప్పు చూసినా ఎండుమిర్చే ఆరబోసి ఉంది, కప్పులన్నీ ఎర్రగా. మామయ్య గారు డాబా మీద నిలబడి ఒక్కో ఇంటి సరుకుకీ రేటు కడుతూ ఉండిపోయారు. హోటల్ డబ్బు ఏజెంటు ఇంతవరకు వెనక్కివ్వలేదు, ఇస్తాడనీ నేను అనుకోవట్లేదు.

తక్త్‌సాంగ్, అదే టైగర్స్ నెస్ట్, 3,120 మీటర్ల మీద కొండ చరియకి అతుక్కుని ఉంటుంది. 1692లో కట్టిన మఠం, 1998లో కాలిపోతే మళ్ళీ కట్టారు. టికెట్ కిందే కొనుక్కోవాలి, పైన అమ్మరు. సగం దూరంలో క్యాంటీన్ దాకా గుర్రం ఉంటుంది, మా దగ్గర 1,500 తీసుకున్నారు. పెద్దవాళ్ళని గుర్రం మీద పంపేముందు ఒకటి గుర్తుంచుకోండి. గుర్రం ఎక్కించి తీసుకెళుతుంది గానీ దింపదు, దిగడం నడిచే. మోకాళ్ళకి ఎక్కడం కన్నా దిగడమే కష్టం. ఆ సంగతి ఏజెంటు చెప్పలేదు, గుర్రం అబ్బాయి చెప్పాడు, డబ్బు తీసుకోకముందే చెప్పాడు. అందుకని మామయ్య గారు కిందే ఉండిపోయారు, బాధపడలేదు కూడా. పక్కనే ఎవరో ఎండుమిర్చి అమ్ముతున్నారు. క్యాంటీన్ దాటాక చివర్లో ఏడొందల మెట్లు దిగి ఎక్కాలి. సెల్‌ఫోను, బ్యాగు లోపలికి రానివ్వరు.

డబ్బు విషయానికొస్తే, మన రూపాయి, వాళ్ళ ఙుల్ట్రమ్ సమానం, రూపాయలు అన్నిచోట్లా తీసుకుంటారు. 2021లోనే అక్కడ భీమ్ యూపీఐ మొదలైంది గానీ మేం వెళ్ళిన చిన్న దుకాణాల్లో ఒక్కచోటా పనిచేయలేదు, నగదు పెట్టుకోండి. మిగిలిన ఙుల్ట్రమ్ నోట్లు జైగావ్ దాకా చెల్లుతాయి, హైదరాబాద్ తెచ్చుకుంటే ఎవరూ మార్చరు.

విమానం ఖర్చు వద్దనుకుంటే సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హౌరా, అక్కణ్ణుంచి సీల్దా వెళ్ళి కాంచన్‌కన్య ఎక్స్‌ప్రెస్ ఎక్కితే హాసీమారాలో దిగొచ్చు, జైగావ్ అక్కడికి దగ్గరే. దిగాక రాత్రి అక్కడ ఉండకండి. ఖర్చు కాస్త ఎక్కువైనా సరే, గేటు దాటి ఫుంట్‌షోలింగ్‌లో పడుకోండి.