తిరుపతిలో సోషల్ సైట్లకి ప్రైవసీ సలహా ఇచ్చే లాయరమ్మ ఆఫీసు, నా రివ్యూ (4/5)

మేం నలుగురం కలిసి ఇక్కడి కాలేజీల్లో చదివినోళ్ళ కోసం ఒక చిన్న సోషల్ నెట్‌వర్క్ నడుపుతున్నాం. పాత ఫ్రెండ్స్‌ని బ్యాచ్ వారీగా కలపడం, ఫొటోలు పెట్టుకోడం, ఎవురికన్నా రక్తం కావాలంటే మెసేజ్ పెట్టడం, అంతే. మెంబర్లు పెరిగేకొద్దీ ప్రైవసీ గొడవలు మొదలైనాయి, అప్పుడు తెలిసినోళ్ళు చెప్తే బాలాజీ కాలనీ పక్క ఈ మేడమ్ దగ్గరికి పోయినాం. పేరు రాయడం లేదు, లాయర్లు ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ రూలు ఉందంట, ఆమే వద్దనింది.

మా పార్ట్‌నర్ ఒకడు ఏదో పెద్ద సైటు ప్రైవసీ పాలసీని కాపీ కొట్టి పేర్లు మార్చి ప్రింట్ తీసుకొచ్చినాడు. మేడమ్ కళ్ళద్దాలు పెట్టుకుని నేరుగా చివరి పేజీకి పోయి ఒక లైను కింద గోరుతో గీసి, "ఏం సామీ, గొడవొస్తే కాలిఫోర్నియా కోర్టుకు రావాలని రాసినారే, తిరుపతి కోర్టు అంత దూరమైపోయిందా మీకు?" అనేసింది. మావాడి మొహం చూడాల్సింది!

ఆ పేపర్లు పక్కన పడేసి, రిజిస్ట్రేషన్ ఫారం తీయమనింది. నాకు ఆమె పని నచ్చింది ఇక్కడే. ఒక్కో గడి చూపించి ఇది ఎందుకు అని అడగడం, మేం నీళ్ళు నమిలితే ఎర్రపెన్నుతో కొట్టేయడం. కులం కొట్టేసింది, ఇంటి అడ్రస్ కొట్టేసింది, నాన్న పేరు కొట్టేసింది. బ్లడ్ గ్రూప్ మాత్రం ఉంచింది, కానీ ఇష్టమున్నోళ్ళే నింపాల, దానికి వేరే టిక్కు పెట్టాల, రక్తం కోసం తీసుకున్నది ఇంక దేనికీ వాడకూడదు అనింది. ఫోన్‌లో కాంటాక్టులన్నీ అప్‌లోడ్ చేసే బటన్ ఒకటి ఉండింది, "మీ మెంబరు ఒప్పుకున్నాడు సరే, వాళ్ళ అత్త నంబరుకి ఎవురు ఒప్పుకున్నారు?" అంటే మా దగ్గర జవాబే లేదు, ఆ బటన్ పీకేసినాం.

2023లో డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది కదా, దాని రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చినాయి, సైట్ల మీద పడే అసలు బాధ్యతలకి 18 నెలలు టైమిచ్చినారు. అందాకా ఊరుకోవచ్చు కదా మేడమ్ అంటే ఒప్పుకోలేదు. కన్సెంట్ (మన డేటా వాడుకోడానికి ఒప్పుకోడం) ఇచ్చేది ఎంత ఈజీనో వెనక్కి తీసుకునేది కూడా అంతే ఈజీగా ఉండాలంట, మా సైట్లో అకౌంట్ డిలీట్ చేయాలంటే మెయిల్ పెట్టి ఎదురు చూడాల, అది మార్చమనింది. 18 ఏళ్ళ లోపు పిల్లోళ్ళ డేటాకి తల్లిదండ్రుల కన్సెంట్ కావాల, అది తప్పితే ఫైను 200 కోట్ల దాకా ఉందంట (మా సైటు మొత్తం అమ్మినా ఒక స్కూటర్ రాదు, అది వేరే సంగతి). ఇంటర్ పిల్లోళ్ళని చేర్చుకోడం ఆపేసినాం.

సోషల్ సైట్లు ఎలా నడుచుకోవాలో చెప్పే ఐటీ రూల్స్ 2021 గురించి బాగా చెప్పింది. 50 లక్షల యూజర్లు దాటిన పెద్ద సైట్లకి ఉండే రూల్స్ మనకి రావు, కానీ గ్రీవెన్స్ ఆఫీసర్ (కంప్లైంట్లు చూసే మనిషి) పేరు, కాంటాక్టు సైట్లో పెట్టాల్సిందే, కంప్లైంట్ వస్తే 24 గంటల్లో అందిందని చెప్పాల్సిందే. ఎవురిదైనా మార్ఫింగ్ ఫొటో అని కంప్లైంట్ వస్తే కూచుని మీటింగులు పెట్టుకోవద్దు, ముందు తీసేయండి, కానీ ఆ రికార్డు 180 రోజులు దాచిపెట్టండి అనింది. స్టేషన్ నుంచి అంటూ ఎవురో ఫోన్ చేసి ఒక మెంబర్ వివరాలు అడిగితే ఏం చేయాలని అడిగినాం. ఫోన్లో ఇవ్వొద్దు, ఎందుకు కావాల్నో రాతపూర్వకంగా ఆర్డర్ రానీ, వస్తే మాత్రం 72 గంటల్లో ఇచ్చేయాల అనింది. సైటు హ్యాక్ అయితే సెర్ట్-ఇన్‌కి (హ్యాకింగ్ సంగతులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 6 గంటల్లో చెప్పాలనేది మా టెక్నికల్ వాడికి కూడా తెలీదు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించినానంటే, పాలసీ ఇంగ్లీషులో జూనియర్ రాసిచ్చినాడు, అది బానే ఉంది, తెలుగులో కావాలంటే మళ్ళీ ఫీజు అన్నారు. మన మెంబర్లలో సగం మంది తెలుగులోనే టైప్ చేస్తారు కదప్పా, ఇది ముందే చెప్పుంటే బాగుండేది. డబ్బు కట్టినాక వచ్చిన తెలుగు చూస్తే గవర్నమెంట్ జీవో మాదిరి ఉంది, మా అక్కకి చూపిస్తే రెండో లైనుకే ఫోన్ తిరిగిచ్చేసింది, చివరికి మేమే కూర్చుని మామూలు మాటల్లో తిరగరాసి మేడమ్‌తో చెక్ చేయించుకున్నాం. దానికి మాత్రం డబ్బు అడగలేదు, నిజం చెప్పాల కదా.

పోయేటోళ్ళు పాలసీ కోసం కాకుండా ఫారం, యాప్ స్క్రీన్లు, డేటా యాడ దాస్తారో ఆ వివరాలు తీసుకుపోండి. కోర్టు టైములో ఫోన్ ఎత్తరు, సాయంత్రం 6 తర్వాత పోండి. తెలుగు కాపీ రేటు మొదట్లోనే మాట్లాడుకోండి. కింద బండి పెట్టే జాగా లేదు.