ఎండీఏడీఎం మిర్రర్: గుంటూరులో మా ఫోటో స్టూడియో సర్వర్‌లో వాడి చూశాక

2019 మాఘంలో మేము తీసిన ఒక పెళ్ళి ఇప్పుడు మా దగ్గర లేదు. ఫైళ్ళన్నీ ఒకే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఉండేవి. ఆల్బమ్ ప్రింటుకు పంపకముందే అది టక్ టక్‌మని చప్పుడు చేసి ఆగిపోయింది. రికవరీ కోసం హైదరాబాద్ పంపించాం, ఏమీ రాలేదు. పెళ్ళికూతురి తాతగారు ఆ వేసవిలోనే పోయారు. పెళ్ళిలో మనవరాలి పక్కన నిలబడి దిగిన ఫోటో పెద్దది చేయించుకుందామని వాళ్ళ అమ్మగారు షాపుకొచ్చారు. మా దగ్గర మిగిలింది వాట్సాప్‌లో పంపిన చిన్న కాపీ ఒక్కటే. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

నాన్నగారు బ్రాడీపేటలో స్టూడియో పెట్టినప్పుడు నెగిటివులు కవర్లలో పెట్టి, తేదీ రాసి బీరువాలో దాచేవారు. ముప్పై ఏళ్ళ నాటి నెగిటివులు ఎవరైనా అడిగితే ఈ రోజుకీ స్కాన్ చేసి ఇస్తున్నాం. డిజిటల్‌లోకి వచ్చాక మన జాగ్రత్త పెరగాల్సింది పోయి తగ్గింది. అందుకే, ఒకే డేటాను రెండు డిస్కుల్లో ఉంచే ఎండీఏడీఎం మీద ఈ రివ్యూ రాస్తున్నాను. మాలాంటి చిన్న స్టూడియోలు, డీటీపీ సెంటర్లు, ల్యాబులు నడిపేవాళ్ళకు పనికొస్తుందని నా నమ్మకం.

ఎండీఏడీఎం అనేది లైనక్స్‌లో సాఫ్ట్‌వేర్ రెయిడ్ నడిపించే టూల్. రెయిడ్ అంటే కొన్ని డిస్కులను కలిపి ఒకే డిస్క్‌లా వాడే పద్ధతి. దీన్ని రాసింది నీల్ బ్రౌన్. ఉచితం. అసలు పనంతా లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లోని ఎండీ డ్రైవర్ చేస్తుంది, ఈ టూల్ దానికి మన మాట చేరవేస్తుంది. నేను వాడేది రెయిడ్ 1, అంటే మిర్రర్. రెండు 4 టీబీ డిస్కులు పెడితే మనకు దక్కే చోటు 4 టీబీయే. రాసిన ప్రతి ముక్కా రెండింటిలోనూ పడుతుంది. ఒకటి పోయినా పని ఆగదు.

పెట్టింది 2023లో. ఆ ఏడు ఆషాఢం అయ్యాక అధిక శ్రావణం కూడా వచ్చింది కాబట్టి దాదాపు రెండు నెలలు ముహూర్తాలు లేవు. డెబియన్ 12 అనే లైనక్స్ అప్పుడే, జూన్‌లో, విడుదలైంది. పాత ఐ5 డెస్క్‌టాప్‌లో దాన్ని ఎక్కించాను. సిస్టమ్‌ను విడిగా ఒక చిన్న ఎస్‌ఎస్‌డీలో పెట్టి, మిర్రర్‌ను డేటాకు మాత్రమే ఉంచాను. ఇది ఆలోచించే చేశాను. సిస్టమ్‌ను కూడా మిర్రర్‌లో పెట్టాలంటే కంప్యూటర్‌ను మొదలుపెట్టే బూట్ లోడర్ రెండు డిస్కుల్లోనూ ఉండాలి, దాని ఫైళ్ళుండే ఈఎఫ్‌ఐ పార్టిషన్ సంగతి విడిగా చూసుకోవాలి. ఎస్‌ఎస్‌డీ పోతే అరగంటలో మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. పెళ్ళి ఫోటోలకు ఆ అవకాశం లేదు.

నాకు ఈ టూల్ మీద మొదట గౌరవం కలిగించింది 'మిస్సింగ్' అనే ఒక్క మాట. నా దగ్గర అప్పటికే ఒక 4 టీబీ డిస్క్ ఉంది, అందులో 2.3 టీబీ డేటా ఉంది. కొత్తది ఒక్కటే కొన్నాను. కొత్త డిస్క్‌తో మిర్రర్ తయారు చేస్తూ, రెండో డిస్క్ పేరు రాయాల్సిన చోట 'మిస్సింగ్' అని రాస్తే, అది సగం మిర్రర్‌గా మొదలవుతుంది. పాత డిస్క్ నుంచి డేటా అంతా రాత్రికి రాత్రి దానిలోకి కాపీ చేసి, చెక్‌సమ్‌లతో (ఫైల్ మారిందో లేదో చెప్పే లెక్క సంఖ్యలతో) పోల్చి చూసుకుని, ఆ తర్వాత పాత డిస్క్‌ను చెరిపి రెండో సగంగా చేర్చాను. అలా చేర్చాక సింక్ అయ్యే (డేటా రెండో డిస్క్‌లోకి పడే) దాదాపు ఎనిమిది గంటలూ డేటా ఒక్క డిస్క్ మీదే ఉంటుంది. నాకు నిద్ర పట్టలేదు. మీరు చేసేటప్పుడు ముఖ్యమైనవి ముందే ఇంకో డిస్క్‌లోకి తీసి పెట్టుకోండి.

డిస్కులు రెండూ ఒకే రోజు, ఒకే షాపులో కొనొద్దు. నాది ఒకటి గుంటూరులో, ఇంకొకటి ఏడాది తేడాతో విజయవాడలో కొన్నది. ఒకే బ్యాచ్‌లోవి అయితే ఒకే లోపం రెండింటిలోనూ ఉండొచ్చు, ఒకే వయసులో రెండూ మొరాయించొచ్చు. పార్టిషన్ చేసేటప్పుడు చివర 1 జీబీ ఖాళీ వదిలాను. రేపు మార్చే డిస్క్ వేరే కంపెనీది అయి, సైజు కాస్త తక్కువగా ఉన్నా సరిపోవాలని.

ఇక కొత్తవాళ్ళను కంగారు పెట్టే విషయం ఒకటుంది. అంతా పెట్టాక మొదటిసారి రీస్టార్ట్ చేస్తే మిర్రర్‌కు పెట్టిన ఎండీ 0 అనే పేరు కనిపించలేదు, ఎండీ 127 అని ఏదో వచ్చింది. డేటా పోయిందేమోనని గుండె ఆగినంత పనైంది. పోలేదు. మిర్రర్ వివరాలను కాన్ఫిగ్ ఫైల్లో చేర్చి, బూట్ మొదట్లో లైనక్స్ వాడుకునే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌ను అప్‌డేట్ చేయాలి. అది చేయకపోతే బూట్ సమయంలో దానికి తోచిన పేరు పెట్టుకుంటుంది. మౌంట్ చేసేటప్పుడు (వాడకానికి తెరిచేటప్పుడు) పేరుతో కాకుండా, మారని గుర్తింపు సంఖ్య అయిన యూయూఐడీతో చేస్తే ఈ గొడవే ఉండదు. ఇంత చిన్న విషయాన్ని టూల్ తనంతట తాను ఒక్క వాక్యంలో గుర్తు చేస్తే ఎంత మందికి టెన్షన్ తప్పుతుందో.

వేగం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ముగ్గురం విండోస్ సిస్టమ్‌ల నుంచి సాంబా (లైనక్స్ ఫోల్డర్లను విండోస్‌కు చూపించే ప్రోగ్రామ్) ద్వారా కెమెరా రా ఫైళ్ళు, ఆల్బమ్ షీట్లు తెరుస్తాం. గిగాబిట్ నెట్‌వర్క్‌లో సెకనుకు 110 ఎంబీ దాటదు, మిర్రర్ దానికి ఎప్పుడూ అడ్డం కాలేదు. ప్రాసెసర్ మీద భారం కూడా నాకు తెలియలేదు.

కరెంటు పోయినప్పుడు మాత్రం దీని విలువ తెలిసింది. ఒక మధ్యాహ్నం యూపీఎస్ కూడా చేతులెత్తేసి మెషిన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. మళ్ళీ మొత్తం 4 టీబీ సింక్ అవుతుందనుకున్నాను, కొద్ది నిమిషాల్లో అయిపోయింది. పెద్ద మిర్రర్‌లకు ఇది రైట్ ఇంటెంట్ బిట్‌మ్యాప్ అని ఒక చిన్న పట్టీ తానే పెట్టుకుంటుంది. ఏ ప్రాంతంలో రాత జరుగుతోందో అందులో గుర్తుంటుంది, అంతవరకే మళ్ళీ సరిచూస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. 2025 మేలో, వైశాఖం పెళ్ళిళ్ళ మధ్య, నా రెండు డిస్కుల్లో పాతది చనిపోయింది. నాకు తెలిసింది పదిహేడు రోజుల తర్వాత. ఆ పదిహేడు రోజుల్లో మేము తెరిచే నెట్‌వర్క్ ఫోల్డర్ ఒక్క క్షణం ఆగలేదు, ఎడిటింగ్ చేసే అబ్బాయిలకు ఏ తేడా కనిపించలేదు. ఒక సాయంత్రం వేరే పని మీద లాగిన్ అయి మిర్రర్ స్టేటస్ ఫైల్ చూస్తే, బాగున్న ఒక్కో డిస్క్‌కు ఒక్కో 'యూ' చొప్పున రెండు 'యూ'లు ఉండాల్సిన చోట ఒక 'యూ', పక్కన ఒక గీత. సీజన్ హడావిడిలో వారం వారం విడిగా ఇంకో డిస్క్‌లోకి తీసే కాపీ కూడా రెండు ఆదివారాలు తీయలేదు. అంటే ఐదు పెళ్ళిళ్ళు ఒక్క డిస్క్ మీద, మే నెల గుంటూరు ఎండలో, ఏసీ లేని గదిలో నడిచాయి. 2019లో షాపుకొచ్చిన ఆవిడ ముఖమే కళ్ళ ముందు కనబడింది.

తప్పు టూల్‌ది కాదు. అది మొదటి రోజే చెప్పింది. కానీ ఆ మెయిల్ సర్వర్‌లోనే రూట్ (అడ్మిన్) ఖాతాకు వెళ్ళి పడింది, అక్కడ చదివేవాళ్ళు ఎవరూ లేరు. మిర్రర్ గొప్పతనం, ప్రమాదం రెండూ ఒకటే: ఒక డిస్క్ పోయినా మనకు తెలియనివ్వదు. కాబట్టి మిర్రర్ పెట్టడం సగం పనే, దాని గొంతు మన చెవిదాకా చేరేలా చేయడం మిగతా సగం. కాన్ఫిగ్‌లో మెయిల్ అడ్రస్ రాసి, సర్వర్ నుంచి బయటికి మెయిల్ పంపే చిన్న ప్రోగ్రామ్ ఒకటి పెట్టుకోవాలి. మానిటర్ మోడ్‌లో టెస్ట్ ఆప్షన్ ఉంది, అది ఒక ఉత్తుత్తి హెచ్చరిక పంపుతుంది. ఆ మెయిల్ మీ ఫోన్‌లో మోగే దాకా సెటప్ పూర్తయిందని అనుకోవద్దు. నేను ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తేదీన టెస్ట్ మెయిల్ వచ్చేలా పెట్టుకున్నాను. రాకపోతే అదే నాకు హెచ్చరిక.

డిస్క్ మార్చడం మాత్రం హాయిగా జరిగింది. పోయినదాన్ని మిర్రర్ నుంచి తీసేయమని చెప్పి, మెషిన్ ఆపి, కొత్తది బిగించి, అదే కొలతకు పార్టిషన్ చేసి, చేర్చమన్నాను. మూడే ఆదేశాలు. ఇక్కడ ఒక జాగ్రత్త ప్రాణం లాంటిది: ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని లైనక్స్ డిస్కులకు పెట్టే పేర్లు రీస్టార్ట్‌కు మారిపోవచ్చు. వాటిని నమ్మి డిస్క్ ఊడదీస్తే బతికున్నది చేతికి రావచ్చు. డిస్క్ వివరాలు చూపే స్మార్ట్‌సీటీఎల్‌ అనే టూల్‌తో సీరియల్ నంబర్ చూసి, డిస్క్ మీద ఉన్న నంబర్‌తో కలిపి చూసుకున్నాకే ముట్టుకోండి. ఇప్పుడు రెండు డిస్కుల ముందు వైపున సీరియల్ చివరి నాలుగు అంకెలు మార్కర్‌తో పెద్దగా రాసి అంటించాను.

సింక్ మొదట సెకనుకు 180 ఎంబీతో మొదలై, డిస్క్ లోపలి అంచుకు వెళ్ళే కొద్దీ సగానికి తగ్గింది. ఎవరైనా పని చేస్తుంటే తానే పక్కకు తప్పుకుంటుంది. ఎంత తగ్గినా సెకనుకు కనీసం 1 ఎంబీతో నడిచేలా చూసుకుంటుంది. ఆ కనిష్ఠాన్ని మనం పెంచుకోవచ్చు. రాత్రి ఎనిమిదింటికి షట్టర్ వేసి, కనిష్ఠం పెంచి వెళ్ళాను. తెల్లారి వచ్చేసరికి రెండు 'యూ'లు.

ఇంకో సంగతి కూడా పరీక్షించాను, ఇది హార్డ్‌వేర్ రెయిడ్ కార్డులతో పోల్చుకునేవాళ్ళ కోసం. ఒక డిస్క్‌ను తీసుకెళ్ళి ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌కు తగిలించి, లైవ్ పెన్‌డ్రైవ్‌తో లైనక్స్ బూట్ చేసి, ఆ ఒక్క డిస్క్‌తోనే మిర్రర్‌ను అసెంబుల్ చేశాను, అంటే ఉన్న మిర్రర్‌ను తిరిగి నిలబెట్టాను. ఫోల్డర్లన్నీ ఉన్నాయి. కార్డు కాలిపోతే అలాంటి కార్డే వెతుక్కోవాల్సిన పని ఇక్కడ లేదు, ఏ లైనక్స్ మెషిన్ అయినా చాలు. చూడటానికి రీడ్ ఓన్లీగా తెరవండి, లేకపోతే రెండు డిస్కులూ వేరువేరు కథలు చెప్పడం మొదలుపెడతాయి. ఉన్న మిర్రర్ కనిపించలేదని కంగారుపడి మళ్ళీ 'క్రియేట్' మాత్రం కొట్టొద్దు. అసెంబుల్ చేయాలి. క్రియేట్‌తో బాగున్న డేటా చేజారవచ్చు.

నచ్చనివీ ఉన్నాయి. డెబియన్‌లో ప్రతి నెలా మొదటి ఆదివారం ఇది రెండు డిస్కులనూ ఆసాంతం పోల్చి చూస్తుంది, అది మంచిదే. కానీ రెండు కాపీల్లో తేడా కనిపిస్తే ఏది సరైనదో దానికి తెలియదు. రిపేర్ చేయమంటే ఒకదాన్ని ఇంకొకదాని మీద రాసేస్తుంది, అంతే. జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లు అయితే చెక్‌సమ్‌లు ఉంచుకుంటాయి కాబట్టి పాడైన కాపీ ఏదో కనిపెడతాయి. నేను ఆ లోటును ఇలా పూడ్చుకున్నాను: డెలివరీ ఇచ్చిన ప్రతి పెళ్ళి ఫోల్డర్‌కు ఎస్‌హెచ్‌ఏ 256 అనే చెక్‌సమ్‌ల జాబితా ఒకటి తయారు చేసి పక్కనే పెడతాను. మాన్యువల్ పేజీ కూడా చాలా పొడుగు. అన్నీ ఉంటాయి, మనకు కావాల్సింది ఎక్కడుందో వెతకడానికే గంట పడుతుంది. ఇవన్నీ కలిపి ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు తగ్గించింది, దాని గొంతు పెగిలేలా మనమే అమర్చుకోవాల్సి వచ్చినందుకు.

మిర్రర్ ఉంది కదా అని బ్యాకప్ మానేసేవాళ్ళకు రెండు సంగతులు. మొదటి ఏడాదే మా స్టూడియోలో పనిచేసే అబ్బాయి ఒకడు పొరపాటున ఒక రిసెప్షన్ ఫోల్డర్ డిలీట్ చేశాడు. మిర్రర్ ఎంతో నమ్మకంగా రెండు చోట్లా డిలీట్ చేసింది. అదృష్టం కొద్దీ కెమెరా కార్డులు అప్పటికి ఫార్మాట్ చేయలేదు. ఇక 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, అక్కడ స్టూడియో ఉన్న మా పిన్ని కొడుకు సర్వర్ నేల మీదే ఉంది. వాడిదీ నాలాగే మిర్రర్. రెండు డిస్కులూ ఒకే డబ్బాలో, ఒకే బురద నీళ్ళలో రోజుల తరబడి ఉన్నాయి. "అక్కా, రెండూ పోయాయే" అని ఫోన్ చేశాడు. అప్పటి నుంచి నా సర్వర్ అలమారా పై అరలో ఉంది. మూడో కాపీ వారానికోసారి ఒక డిస్క్‌లోకి తీసి, అరండల్‌పేటలో మా అత్తగారింట్లో ఉంచుతున్నాను.

ఇప్పుడు మిర్రర్‌లో విజయవాడలో కొన్న డిస్కే పాతది. అది చనిపోయేదాకా ఆగదలచుకోలేదు. వచ్చే ఆషాఢంలో మదర్‌బోర్డులో డిస్కులు తగిలించే సాటా పోర్టుల్లో ఖాళీగా ఉన్నదానికి మూడో డిస్క్ తగిలించి, 'రీప్లేస్' ఆప్షన్‌తో మార్చబోతున్నాను. ఆ పద్ధతిలో కొత్తది నిండేదాకా పాతది మిర్రర్‌లోనే ఉంటుంది, మధ్యలో ఒంటి డిస్క్ మీద గడపాల్సిన ఎనిమిది గంటలు ఉండవు. సాటా కేబుల్ నిన్ననే కొన్నాను.