ముద్ర ఉన్న సైటు, ముద్ర లేని యాప్

నెల్లూరు నుంచి హైదరాబాద్‌కి రాత్రి స్లీపర్ బస్సుల్లో తరచూ తిరుగుతుంటాను. నాకు చూపు లేదు. ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ, ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్లు తెర మీద ఉన్నది చదివి వినిపిస్తుంటే నా పనులు నేనే చేసుకుంటాను. ఈ రివ్యూ ఒక ప్రైవేటు బస్ టికెట్ల సైటు గురించి. వాళ్లతో మెయిళ్లు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి పేరు రాయడం లేదు.

అన్ని సైట్లుండగా దీన్నే పట్టుకోవడానికి కారణం పేజీ అడుగున ఉన్న నీలం ముద్ర. 'డబ్ల్యూసీఏజీ 2.0 ఏఏ సర్టిఫైడ్' అని ఉందని మా చెల్లెలు చూసి చెప్పింది. తను చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. ఆ బొమ్మకి ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మలో ఏముందో చెప్పే మాటలు, పెట్టలేదు. ఎన్‌వీడీఏ దాన్ని ఏదో ఫైలు పేరులా అక్షరాలూ అంకెలూ కలిపి చదివి ముందుకెళ్లిపోయింది.

డబ్ల్యూసీఏజీ అంటే వెబ్‌సైట్లు అందరికీ పనికొచ్చేలా ఎలా ఉండాలో డబ్ల్యూ3సీ అనే అంతర్జాతీయ సంస్థ రాసిన నియమాలు. ఏ, ఏఏ, ఏఏఏ అని మూడు మెట్లు. 2.0 వచ్చింది 2008లో. తర్వాత 2018లో 2.1, 2023 అక్టోబర్‌లో 2.2 వచ్చాయి. నియమాలు రాస్తుందే గానీ డబ్ల్యూ3సీ ఏ సైటుకీ సర్టిఫికెట్ ఇవ్వదు. అంటే ఆ ముద్రని సైటు వాళ్లు తమకి తామే వేసుకుని ఉండాలి, లేదా డబ్బు తీసుకుని తనిఖీ చేసే ఏదో కంపెనీ వేసి ఉండాలి.

మొదటి పేజీ నిజంగానే బాగుంది. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ తేదీ, అన్నీ పేర్లతో సహా చదివింది. తేదీ బాణం మీటలతో మార్చుకోగలిగాను. బస్సుల జాబితాలో బయల్దేరే టైమూ ధరా వరసగా వచ్చాయి. ఇంకేముంది, టికెట్ చేతికొచ్చినట్టే అనుకుంటూ సీట్ల పేజీలోకి వెళ్లాను.

అక్కడ ఎన్‌వీడీఏ నోట ఒకటే మాట. 'క్లికబుల్, క్లికబుల్, క్లికబుల్.' సీటు నంబర్ లేదు. కింది బెర్తా పై బెర్తా, కిటికీ పక్కనా నడవ పక్కనా, ఏదీ చెప్పదు. ట్యాబ్ మీట నొక్కితే సీట్లన్నీ దాటేసి నేరుగా 'ప్రొసీడ్' దగ్గర ఆగుతుంది. ఏ సీటూ ఎంచుకోకుండా దేనికి ప్రొసీడ్ అవ్వాలి? అమ్ముడుపోయినవి బూడిద రంగులో, ఆడవాళ్లవి గులాబీ రంగులో ఉన్నాయట, ఇదీ చెల్లెలు చెప్పిందే. రాత్రంతా ఒంటరిగా వెళ్లేదాన్ని, పక్క బెర్తులో ఆడమనిషి ఉందో లేదో నాకు ముందే తెలియాలి. సైటు ఆ సంగతి రంగుతో మాత్రమే చెప్తోంది. రంగు ఒక్కదానితోనే సమాచారం ఇవ్వకూడదు, మీటలతోనూ పని జరగాలి, ఈ రెండూ ఏఏ దాకా పోనక్కర్లేదు, కింది మెట్టయిన ఏలోనే ఉన్నాయి. కింది మెట్టే ఎక్కని పేజీ మీద పై మెట్టు ముద్ర! దీనికి తోడు పైన సీటు గడువు టైమర్ ఒకటి. సెకన్లు తగ్గుతున్నాయని అది చదివి వినిపిస్తుంటే టెన్షన్ తప్ప ఇంకేం లాభం లేదు.

ముద్ర మీద ఎంటర్ కొడితే సర్టిఫికెట్ పీడీఎఫ్ తెరుచుకుంది. అదీ స్కాన్ చేసిన బొమ్మే. ఎన్‌వీడీఏలో బొమ్మల్లోని అక్షరాలు చదివే సౌకర్యం ఉంది కాబట్టి ఎలాగో విన్నాను. తనిఖీ చేసిన పేజీలు ఇవీ: హోమ్, అబౌట్ అస్, కాంటాక్ట్, ప్రైవసీ పాలసీ, తరచూ అడిగే ప్రశ్నలు. సీట్ల పేజీ లేదు, టికెట్ రద్దు పేజీ లేదు. తేదీ చూస్తే సైటుకి ఈ కొత్త డిజైన్ రాకముందుది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను.

"మేడమ్, మాది సర్టిఫైడ్ సైట్ మేడమ్."

"సీట్ల పేజీని కూడా పరీక్షించారా బాబూ?"

కాసేపు ఆగి, "మీ పక్కన ఎవరైనా ఉంటే వాళ్లతో బుక్ చేయించుకోండి మేడమ్" అన్నాడు. పాపం, ఆ అబ్బాయికి ఇచ్చిన కాగితంలో అదే రాసుందేమో.

పట్టు వదలక అదే కంపెనీ ఆండ్రాయిడ్ యాప్ దించుకున్నాను. దాని మీద ఏ ముద్రా లేదు. సీట్ల పేజీలో వేలు జరిపితే 'ఎల్ 5, కింది బెర్త్, కిటికీ, 950 రూపాయలు, ఖాళీ' అని ఇంగ్లిష్‌లో చదివింది. ఇంకొంచెం జరిపితే 'ఎల్ 6, మహిళలకు' అంది. సీటు ఎంచుకుంటే 'సెలెక్టెడ్' అని కూడా చెప్పింది. ఎవరి సాయం లేకుండా టికెట్ తీసుకున్నాను. ఆ యాప్ రాసినవాళ్లలో ఎవరో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని ఒక్కసారైనా టికెట్ కొని చూసినట్టున్నారు.

సైటు పక్కన తేలుతూ ఉండే మనిషి బొమ్మ బటన్ సంగతి కూడా చెప్పాలి. నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయి, రంగులు మారతాయి. నాకు దానితో పనిలేదు, పైగా నా మీటలకు అడ్డం పడింది. ఇలాంటి బటన్ ఒకటి అతికిస్తే ఎలాంటి సైటైనా నియమాలకు సరిపోతుందని ప్రచారం చేసుకున్న యాక్సెస్సిబీ అనే కంపెనీ చేత 2025లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 10 లక్షల డాలర్లు కట్టించింది.

ముద్రలే వద్దని నేననను. బంగారం కొనేటప్పుడు హాల్‌మార్క్ చూస్తాం కదా. నగ మీద అక్షరాలూ అంకెలూ కలిసి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్ ఉంటుంది, భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ నగ వివరాలు వస్తాయి. అనుమానం ఉన్నవాళ్లు అక్కడికక్కడే తేల్చుకోవచ్చు. అదే బీఐఎస్ డిజిటల్ సేవలు వికలాంగులకు అందుబాటులో ఉండాలని ఐఎస్ 17802 అనే ప్రమాణం కూడా రాసింది. 2023లో అది వికలాంగుల హక్కుల చట్టం నిబంధనల్లోకి చేరింది. డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ప్రభుత్వ సైట్లకైతే కేంద్ర ప్రభుత్వ నాణ్యతా పరీక్షల విభాగం ఎస్‌టీక్యూసీ తనిఖీ ఉంది. ప్రైవేటు టికెట్ సైటు అడుగున ముద్ర కనిపిస్తే మాత్రం ఎవరు పరీక్షించారు, ఎప్పుడు, ఏ పేజీలు, స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు అందులో ఉన్నారా అని మనమే తవ్వుకోవాలి. మెషీన్ తనిఖీ ఒక్కటే చాలదు. బొమ్మకి ఆల్ట్ టెక్స్ట్ ఉందో లేదో అది పట్టుకుంటుంది గానీ అందులో రాసింది అర్థవంతంగా ఉందో లేదో తేల్చలేదు.

ఈ నాలుగు ప్రశ్నలే మెయిల్‌లో అడిగాను. 'మీ అభిప్రాయం మాకు విలువైనది' అని జవాబొచ్చింది. తర్వాతి మెయిల్‌లో సీట్ల పేజీని టెక్నికల్ టీమ్‌కి పంపామన్నారు.

సైటుకి రెండు నక్షత్రాలు, అవి కూడా మొదటి పేజీకే. యాప్‌కి నాలుగు. ఒకటి ఎందుకు కోశానంటే, బస్సు ఎక్కే చోటుని మ్యాప్‌లో చుక్క పెట్టి వదిలేశారు. ఏ పెట్రోల్ బంకు ఎదురుగానో, ఏ ఫ్లైఓవర్ కిందో మాటల్లో రాస్తే ఆటోవాడికి చెప్పుకోగలను.