టిఫిన్ హోటల్‌కి గ్యాసా, కరెంటా? రెండు బిల్లులూ పక్కన పెట్టి చూస్తే

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా టిఫిన్ హోటల్లో ఇడ్లీ పాత్ర కింద గ్యాస్ పొయ్యి తీసేసి ఇండక్షన్ పెట్టి ఎనిమిది నెలలైంది. అప్పట్నుంచి కాశీనగర్ మొదలు గుణుపూర్ దాకా మనవాళ్లలో హోటల్ ఉన్నవాళ్లంతా అడిగేది ఒకటే, "ఏమైనా మిగులుతోందా?" అని. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పి నోరు నొప్పెడుతోంది కాబట్టి ఇక్కడ రాసేస్తున్నాను.

మిగులుతోంది. కానీ మొదటి నెల బిల్లు చూసి నేనే గ్యాస్‌కి తిరిగి వెళ్లిపోదామనుకున్నాను. అంత మొత్తం ఎప్పుడూ రాలేదు. సాయంత్రం తీరిగ్గా కూర్చుని వరసగా చదివితే తెలిసింది, అందులో అంతకుముందు నెల నేను కట్టడం మర్చిపోయిన పాత బాకీ ఉంది, అదనపు డిపాజిట్ ఉంది, పైగా ఆ బిల్లు 30 రోజులకి కాదు, 34 రోజులకి. డిపాజిట్ ఖర్చు కాదు కదా, మన డబ్బే, ఏడాదికోసారి దాని మీద వడ్డీ కూడా బిల్లులో జమవుతుంది. అడుగున ఉన్న మొత్తం చూసి బెంబేలెత్తకండి. ఆ నెల యూనిట్లు ఎన్ని, వాటి ధర ఎంత, ఫిక్స్‌డ్ ఛార్జీ, డ్యూటీ (కరెంటు మీద ప్రభుత్వం వేసే పన్ను) ఎంత, అవి మాత్రమే గ్యాస్ పక్కన పెట్టండి.

గ్యాస్ వైపు కూడా అంతే. 19 కిలోల సిలిండర్ 1,800 అనుకుందాం (ధర ఒకటో తారీఖుకి మారుతుంది, మీ రసీదులో ఉన్నది వేసుకోండి). అందులో దాదాపు 275 రూపాయలు జీఎస్టీ, ఎందుకంటే కమర్షియల్ గ్యాస్ మీద 18 శాతం. మనలా 5 శాతం జీఎస్టీలో ఉన్న హోటళ్లకి అది వెనక్కి రాదు, కాబట్టి పన్ను తీసేసి లెక్క కట్టడం మనల్ని మనమే మోసం చేసుకోవడం. కరెంటు మీద జీఎస్టీ లేదు గానీ డ్యూటీ ఉంది, అదీ వెనక్కి రాదు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఇండక్షన్ లైనుకి చిన్న సబ్ మీటర్ పెట్టించాను. పక్క కిరాణా కొట్టు కాటా తెచ్చి సిలిండర్ దాని మీద నిలబెట్టాను. పది లీటర్ల చొప్పున మూడుసార్లు నీళ్లు మరిగించాం, రెండింటి మీదా. గ్యాస్ 400 గ్రాములు తగ్గింది, సబ్ మీటర్లో మూడు యూనిట్లు తిరిగింది. గ్యాస్ కిలో 95 పడితే 38 రూపాయలు, కరెంటు డ్యూటీతో కలిపి యూనిట్ 8 వేసుకున్నా 24. కిలో గ్యాస్‌లో 12.8 యూనిట్ల దాకా వేడి ఉంటుంది, కానీ మన పెద్ద బర్నర్ల మీద అందులో సగం వేడి గిన్నె పక్కల నుంచి గాలికే పోతుంది. వంటగదిలో మాస్టారు చెమటలు కక్కేది ఆ సగం వల్లే.

ఇక్కడితో ఆపి ఇండక్షన్ కొనేయకండి. నన్నడిగితే తేల్చేది యూనిట్ ధర కాదు, బిల్లు పై భాగంలో ఉండే లోడు, అదే ఎవరూ చదవని గడి. నాకు మంజూరైంది 3 కిలోవాట్లు, అంటే ఒకేసారి అంతవరకే వాడుకోవాలి. ఇండక్షన్ ఒక్కటే మూడున్నర తింటుంది, రెండు హెచ్‌పీ గ్రైండర్ కిలోవాటున్నర, ఆపైన ఫ్రిజ్, ఫ్యాన్లు. మొదటి వారం తెల్లారి ఐదున్నరకి రెండూ ఒకేసారి వేస్తే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చి) టప్పున పడిపోయేది, ఇడ్లీలు సగం ఉడికి కూర్చునేవి, బయట బెంచీ మీద జనం. లోడు పెంచమని దరఖాస్తు పెట్టి, త్రీ ఫేజ్ తీసుకుని, వైరింగ్ మార్పించాక గానీ టెన్షన్ తగ్గలేదు. లోడు పెరిగితే ఫిక్స్‌డ్ ఛార్జీ పెరుగుతుంది, అది హోటల్ మూసినా కట్టాలి. సిలిండర్‌కి ఆ బాధ లేదు, వాల్వు కట్టేస్తే ఖర్చు ఆగుతుంది. కాబట్టి పెళ్లిళ్ల సీజన్లోనే వండే కేటరింగ్ వాళ్లకి నేను ఇండక్షన్ చెప్పను. రోజూ తెరిచే హోటల్‌కి చెబుతాను. గరిష్ఠ డిమాండ్, అంటే ఒకేసారి ఎక్కువలో ఎక్కువ వాడిన లోడు, ఎంత వెళ్లిందో మీటర్ రాసిపెట్టుకుంటుంది, కాబట్టి ఎవరికీ తెలియదులే అని లోడు దాచే తెలివి పనిచేయదు. అంత లోడు పెంచడం ఇష్టం లేకపోతే పిండి రాత్రే రుబ్బేయండి, గ్రైండర్, ఇండక్షన్ కలిసి తిరగకుండా ఉంటే చాలా తేడా వస్తుంది.

గిన్నెల సంగతి మర్చిపోయేవాడిని. మన అల్యూమినియం డేగిసాలు ఇండక్షన్ మీద పనిచేయవు. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం తీసుకెళ్లి గిన్నె అడుగున పెట్టండి, అతుక్కుంటే సరే. నాకు కొత్త గిన్నెలకే పది వేలు దాటింది, నాలుగు నెలల మిగులు అందులోనే పోయింది.

దోసె పెనం మాత్రం గ్యాస్ మీదే. పెనం మొత్తం సమంగా కాలాలి, నీళ్లు చల్లగానే మళ్లీ వేడెక్కాలి, బయట క్యూ ఉన్నప్పుడు మంట కళ్లకి కనపడాలి. పూరీ, బజ్జీ కూడా అంతే. ఉడికేవీ మరిగేవీ కరెంటు మీద, కాలేవీ వేగేవీ గ్యాస్ మీద, నేను పెట్టుకున్న పద్ధతి ఇది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లా ఎలా అయిపోయిందో చూసినవాళ్లం, కరెంటు లేని రోజుల్లో టీ కాచింది సిలిండర్ మీదే. ఒక్క పొయ్యయినా గ్యాస్‌ది ఉండాలి.

పైపు గ్యాస్ మా వీధికి రాలేదు, వచ్చినచోట వాళ్లు ఘనపు మీటర్ ధర అడిగి లెక్క కట్టుకోండి. కట్టెల పొయ్యి చౌకే, పొగకి పక్కింటివాళ్లు ఊరుకోరు.

ఆంధ్రా వైపు పాతపట్నంలో మా బావ తన బిల్లు పట్టుకొచ్చి, "ఏరా, మీ ఒడిశాలో చవక, అందుకే నీకు మిగిలింది" అంటాడు. ఆయన బిల్లులో ట్రూఅప్ ఛార్జీలు (పాత నెలల కరెంటుకి అయిన అదనపు ఖర్చు తర్వాత వసూలు చేసేవి) వేరే వరస, స్లాబులు వేరు. మూడు నాలుగు కిలోమీటర్ల దూరమే గానీ బిల్లు లెక్క వేరు, నా అంకెలు ఆయనకి కుదరవు. కాటా మాత్రం ఇచ్చి పంపాను, ఆదివారం ఆయనా సిలిండర్ తూచుకుంటాడట.